జైనూరులో నా హంతకుడు దొరకలేదు!

మధ్యాహ్నం అంట్లు కడిగి, వంటిల్లు తుడిచి, పిల్లలు బడినుంచి వచ్చేలోపు ఒక గంట మన సొంతం. ఆ గంటలో మీరేం చేస్తారో గానీ, నేను మాత్రం డిటెక్టివ్ నవల తెరుస్తాను. మా అమ్మ దిండు కింద దాచుకున్న కొమ్మూరి సాంబశివరావుగారి పుస్తకాలతో మొదలైంది ఈ పిచ్చి. డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు మా ఇంటి చుట్టాలే అనుకునేదాన్ని. తర్వాత మధుబాబు షాడో, మల్లాది, యండమూరి... పాలు పొంగిపోయినా పేజీ వదలని రోజులున్నాయి.

ఇన్నేళ్లు చదివాక, ఒకటి నేనూ రాయలేనా అనిపించింది. నేను ఇంటర్ వరకే చదివాను. అయినా రెండు లాంగ్ నోట్‌బుక్కులు కొని, మూడు నెలలు కూర్చుని రాశాను. కథ జైనూరు అడవుల్లో జరుగుతుంది. అమావాస్య దగ్గరపడిన రాత్రి. ఎక్కడో డోలు మోగుతుంది. ఒళ్లంతా బూడిద, నెత్తిమీద నెమలి ఈకలు, వాటి మధ్య కొమ్ములు, చేతిలో దుడ్డుకర్ర ఉన్న ఒక ఆకారం చెట్ల చాటునుంచి వస్తుంది. తెల్లారేసరికి ఫారెస్టు బంగళాలో శవం! ఎలా ఉంది? నాకైతే రాస్తుంటేనే వెన్నులో చలి పుట్టింది.

మా ఆడబిడ్డ జైనూరు పక్కన ఒక బడిలో టీచరు. సెలవులకు కరీంనగర్ వచ్చినప్పుడు ఆమె చేతిలో నోట్‌బుక్కులు పెట్టాను. మెచ్చుకుంటుందని పకోడీలు కూడా వేశాను. ఆమె చదివింది. పకోడీలు చల్లారిపోయాయి.

"వదినె, నువ్వు జైనూరు ఎప్పుడన్న చూసినవా?" అంది.

"లేదు. టీవీలో చూశాను కదా" అన్నాను.

"గుస్సాడీ అంటే దేవుని వేషం. నువ్వు హంతకుని చేసినవ్. నా క్లాసుల పిల్లల ఇండ్లల్ల గుస్సాడీలు ఉన్నరు. వాళ్ల నాయినలు, వాళ్ల అన్నలు. రేపు ఈ కథ అచ్చయితే ఆ పిల్లల ముంగట నేనెట్ల నిలవడాలె?"

ఏం చెప్పను? నా హంతకుడికి పేరు పెట్టాను, మీసం పెట్టాను గానీ ఆయనకు బడికి పోయే కూతురు ఉండొచ్చని నాకు తట్టలేదు. ఆమె పుస్తకాలు తిరిగి నా చేతిలో పెట్టి, "దీపావళికి రా. చూసి రాసుకో" అంది. కిందటేడు దీపావళికి నాలుగు రోజుల ముందు మావారిని బతిమాలి బయల్దేరాను.

అడవిలో పత్తి చేలు

కరీంనగర్ నుంచి రాయపట్నం దగ్గర గోదావరి దాటి, లక్సెట్టిపేట, జన్నారం మీదుగా ఉట్నూరు వెళ్లాం. జన్నారం దాటాక రోడ్డుకు రెండుపక్కలా టేకు చెట్లు. అదంతా 2012లో ప్రకటించిన కవ్వాల్ పులుల అభయారణ్యం. 'ఇదిగో నా నవల!' అని సంబరపడి కిటికీకి అతుక్కుపోయాను. కానీ ఉట్నూరు దాటి జైనూరు వైపు తిరిగాక అడవి పలచబడింది. గుట్టల మధ్య నల్లరేగడి చేలు, విచ్చుకున్న పత్తి, కంది, జొన్న. నా కథలో పగలు కూడా ఎండ నేలకు దిగని కీకారణ్యం రాశాను! ఇక్కడేమో పత్తి ఏరుతున్న ఆడవాళ్లు, ఒడిలో మూటలు, గట్టుమీద పిల్లలు.

జైనూరు ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లా. 2016లో జిల్లాలు విడగొట్టాక కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చింది. చిన్న మండలకేంద్రం. కిరాణా కొట్లు, ఎరువుల దుకాణాలు, చాయ్ హోటళ్లు. బస్సు దిగి పది నిమిషాలు నిలబడితే తెలుగు, గోండి, మరాఠీ, ఉర్దూ, లంబాడీ మాటలు చెవిన పడ్డాయి. నా నవలలో అందరూ ఒకే యాసలో మాట్లాడతారు, అదీ సినిమాల్లో విన్న యాస. నోట్‌బుక్కు తీసి మొదటి తప్పు రాసుకున్నాను. సాయంత్రానికి ఒక పేజీ నిండింది.

ఆ రాత్రి డోలు

మర్లవాయి జైనూరు మండలంలోని ఊరు. మట్టితో నున్నగా అలికిన గోడలు, చీపురు గీతలు కనిపించేంత శుభ్రంగా ఊడ్చిన వాకిళ్లు. మన ఇళ్లలో పండుగనాడు కూడా అంత శుభ్రం ఉండదని సిగ్గుపడ్డాను.

చీకటి పడ్డాక డోలు మోగింది. దానితోపాటు గుమేల దరువు, పెప్రె అనే సన్నాయిలాంటి వాయిద్యం. నా కథలో రాసినట్టే వచ్చాడు ఆకారం... ఒళ్లంతా బూడిద, నెమలి ఈకల పెద్ద కిరీటం, కొమ్ములు, భుజాన తోలు, చేతిలో కర్ర. గుండె దడదడలాడింది, అబద్ధమెందుకు! కానీ నా పక్కనున్న చంటిపిల్ల తల్లి భయపడలేదు. బిడ్డను ముందుకు తీసుకెళ్లి ఆయన చేతికర్ర తలకు తాకించుకుంది. ముసలివాళ్లు ఆయన కాళ్లకు మొక్కారు.

మా ఆడబిడ్డ విడమరిచి చెప్పింది. దీపావళి ముందు రోజుల్లో గోండులు, కోలాములు దండారి పండుగ చేస్తారు. ఒక ఊరి జట్టు ఇంకో ఊరికి అతిథిగా వెళుతుంది. ఆ ఊరివాళ్లు ఎదురొచ్చి, కాళ్లకు నీళ్లిచ్చి, భోజనం పెడతారు. రాత్రంతా ఆటపాటలు. ఆడవేషం కట్టిన మగపిల్లల్ని పోరిక్ అంటారు. గుస్సాడీ వేషం కట్టినవాళ్లు దీక్ష ముగిసేదాకా స్నానం చేయరు. కర్ర తాకిస్తే రోగం పోతుందని నమ్మకం. అంటే నేను చంపడానికి పంపినవాడు, వీళ్ల దృష్టిలో బాగుచేయడానికి వచ్చినవాడు!

ఈ మర్లవాయి గుస్సాడీ కళాకారుడు కనకరాజుగారి పేరు మీరు వినే ఉంటారు. ఎంతోమంది పిల్లలకు ఈ ఆట నేర్పారు. 2021లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2024 అక్టోబరులో కన్నుమూశారు, నేను వెళ్లేసరికి ఆయన లేరు. రాష్ట్రపతి చేత సన్మానం అందుకున్న వేషాన్ని నేను నోట్‌బుక్కులో శవం పక్కన నిలబెట్టాను. ఆ రాత్రి నిద్రపట్టలేదంటే నమ్మండి.

మూడు ప్రశ్నల ముసలమ్మ

మర్నాడు ఒక ఇంట్లో కూర్చున్నాం. ఆ ఇంటి పెద్దావిడకు డెబ్బై దాటి ఉంటాయి. "రాం రాం" అని పలకరించి, పాలు లేని చాయ్ ఇచ్చింది. ఆమె గోండిలో అడుగుతుంటే మనవరాలు తెలుగులో చెప్పింది. నేను ఆమెను ప్రశ్నలడగాలని పెన్ను సిద్ధం చేసుకుంటే, ఆమే నన్ను అడిగింది.

"మీరు ఎన్ని దేవుళ్లవాళ్లు?" ఇది మొదటిది. గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల వర్గాలుంటాయి. ఒకే వర్గంలో పెళ్లిళ్లు చేసుకోరు. అందుకని కొత్తవాళ్లెవరైనా ముందు ఇదే తేల్చుకుంటారట. మనం గోత్రం అడిగినట్టే కదా! రెండోది, "పొలముందా?" మూడోది, "ఇంట్లో వంట ఎవరు చేస్తున్నారు, నువ్విక్కడుంటే?"

చూశారా! మూడు ప్రశ్నల్లో నా కులం, కలిమి, కాపురం అన్నీ తీసేసుకుంది. నేను మూడు నెలలు రాసిన నవలలో డిటెక్టివ్ ఇరవై ప్రశ్నలడిగి కూడా ఇంత రాబట్టలేదు. మిస్ మార్పుల్ అని ఇంగ్లీషు నవలల్లో అల్లికలు అల్లుకుంటూ హంతకుణ్ణి పట్టేసే ముసలావిడ గుర్తొచ్చింది.

ఆమె మెస్రం వంశపు కోడలట. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర జరుగుతుంది. మెస్రం వంశంవాళ్లు కాలినడకన వెళ్లి గోదావరి నీళ్లు తెచ్చి దేవుడికి అభిషేకం చేస్తారు. ఆ వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను తెల్లచీరల్లో దేవుడి ముందుకు తీసుకెళ్లి పరిచయం చేస్తారు. దాన్ని భేటింగ్ అంటారు. అది అయితేనే కోడలు వంశంలో కలిసినట్టు. "నీకు భయం వేసిందా ఆ రోజు?" అనడిగాను. ఆమె నవ్వి, "దేవుడంటే కాదు, అత్తంటే" అంది. అందరం నవ్వాం. నా నవలలో అసలు ఆడమనిషే లేదని అప్పుడు గుర్తొచ్చింది... శవం చూసి కెవ్వుమనే అమ్మాయి తప్ప!

సమాధి చెప్పిన సంగతి

ఊళ్లో రెండు సమాధులున్నాయి. అవి చూడకపోతే ఈ వ్యాసం మీకు రాసేదాన్నే కాదు.

1940లో ఇక్కడికి దగ్గర్లోని జోడేఘాట్‌లో కుమురం భీం నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. పన్నెండు గూడేల కోసం, జల్ జంగల్ జమీన్ అంటూ ఆయన చేసిన పోరాటం మనకు తెలిసిందే. ఆయన చనిపోయాక నిజాం ప్రభుత్వానికి ఒక ప్రశ్న మిగిలింది. వీళ్లు ఎందుకు తిరగబడ్డారు? అది తేల్చే పని క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్‌కు అప్పజెప్పారు. ఆయన ఆస్ట్రియా దేశస్థుడు, మనుషుల ఆచారవ్యవహారాలు చదివే పండితుడు. 1939లో యుద్ధం మొదలైనప్పుడు ఆయన చేతిలో జర్మనీ పాస్‌పోర్టు ఉండటంతో, హైదరాబాదు సంస్థానం దాటకూడదని ఆంక్ష పెట్టారు. భార్య బెట్టీ ఎలిజబెత్ ఇంగ్లీషావిడ.

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. ఆయన బంగళాలో కూర్చుని సాక్షుల్ని పిలిపించుకోలేదు. భార్యాభర్తలిద్దరూ మర్లవాయిలో గుడిసె వేసుకుని కాపురం పెట్టారు. గోండి నేర్చుకున్నారు. పండుగలు చూశారు, కథలు విన్నారు, ఎవరి చేను ఎవరి చేతిలోకి ఎలా పోయిందో తెలుసుకున్నారు. తేలిందేమిటి? దున్నుకుంటున్న భూమిని రిజర్వు ఫారెస్టు అని గీత గీసి ఖాళీ చేయించారు. పట్టాలు బయటనుంచి వచ్చినవాళ్ల పేర్ల మీదికి వెళ్లాయి. చదువురాని మనిషికి తన పొలం తనది కాదని కాగితం చెబితే తెలిసింది. నేరం అడవిలో కాదు, కాగితాల్లో జరిగింది. ఆ తర్వాతే భూమి పట్టాలిచ్చే పని మొదలైంది. 1943లో మర్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టారు. కేస్లాపూర్ జాతరలో ఆదివాసుల గోడు అధికారులు వినే దర్బారు కూడా హైమండార్ఫ్ పూనికతోనే మొదలై ఇప్పటికీ సాగుతోంది.

బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాదులో చనిపోయారు. ఆమె కోరిక ప్రకారం మర్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో లండన్‌లో చనిపోయిన భర్త అస్థికలను 2012లో తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న ఊరివాళ్లు వర్ధంతి జరుపుతారు. గోండుల మీద 1979లో ఆయన వేసిన పుస్తకంలో సహకారం అని ఆమె పేరు కూడా అచ్చయింది. భర్త పనికి పక్కన నిలబడిన ఇల్లాలి పేరు ఎన్ని పుస్తకాల అట్టల మీద ఉంటుంది చెప్పండి! ఆ సమాధి దగ్గర కాసేపు ఊరికే నిలబడ్డాను.

పెద్ద రచయిత్రి చేసిందీ ఇదే

ఇంటికొచ్చాక అగాథా క్రిస్టీ జీవితం గురించి చదివాను. ఆవిడ నేరాలు గాలిలోంచి పుట్టించలేదు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో తన ఊరు టార్కీలో ఆసుపత్రి మందుల గదిలో పనిచేశారు. విషాల సంగతి అక్కడే నేర్చారు. ఆ ఊరికి తలదాచుకోవడానికి వచ్చిన బెల్జియం వాళ్లను చూశాకే, తన డిటెక్టివ్ పోయిరోను బెల్జియంవాణ్ణి చేశారు. 1920లో వచ్చిన మొదటి నవలలోనే ఆయన ఉన్నాడు. మిస్ మార్పుల్ మాటతీరు, చూపు బామ్మగారి స్నేహితురాళ్ల నుంచి వచ్చాయి. 1931 డిసెంబరులో ఆవిడ ప్రయాణిస్తున్న ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ వరదలకు దారిలో ఆగిపోయింది. 1934లో నవలైంది, వరద స్థానంలో మంచు వచ్చింది.

భర్త పురాతన వస్తువులు తవ్వి తీసే పండితుడు. ఆవిడ ఆయనతోపాటు ఇరాక్, సిరియాల్లో గుడారాల్లో ఉన్నారు. నిమ్రూద్‌లో దొరికిన దంతపు బొమ్మలను సన్నటి అల్లికసూదితో, మొహానికి రాసుకునే క్రీముతో శుభ్రం చేశారట! ఆ ఎడారి తవ్వకాల నేపథ్యంతోనే 1936లో ఒక నవల రాశారు. ఆవిడ నోట్‌బుక్కులు డెబ్బైకి పైగా మిగిలాయి. వాటిలో హత్యల పథకాల పక్కనే కొనాల్సిన సామాన్ల లిస్టులూ ఉన్నాయి. మన పాలవాడి లెక్కల పుస్తకంలా అన్నమాట.

మన దగ్గరా ఉన్నారు. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీము' నవల 1983లో వచ్చింది. అది మిస్టరీ నవల కాదు. కానీ గోండు గూడేల్లో తిరిగి, పెద్దలు చెప్పింది విని రాశారు. కాబట్టే అందులో మనుషులు మనుషుల్లా ఉంటారు.

మీరూ రాయాలనుకుంటే

ఎవరికి తెలుసు, మీ అల్మరాలో కూడా ఒక నోట్‌బుక్కు ఉందేమో! నేను పడ్డ గుంటలో మీరు పడకుండా నాలుగు మాటలు.

ఒకటి, కథ జరిగే చోటుకు వెళ్లండి. వీలుకాకపోతే మీకు తెలిసిన వీధిలోనే కథ నడపండి. చూడని ఊరు రాయడమంటే నోట్లో వేసుకోకుండా ఉప్పు చాలలేదనడమే.

రెండు, భయమేసిన చోట ఆగి, ఆ ఊరివాళ్లు ఎందుకు భయపడటం లేదో అడగండి. మనకు తెలియనిదల్లా క్షుద్రం కాదు.

మూడు, ప్రతి పాత్రకూ ఆ మూడు ప్రశ్నలు వేయండి. నీవాళ్లెవరు? నీకేముంది? నువ్విక్కడుంటే ఇంట్లో వంటెవరు చేస్తున్నారు? హంతకుడైనా సరే, వాడి కోసం అన్నం మూతపెట్టి ఎదురుచూసే మనిషి ఉంటుంది. ఆమె మొహం మీకు కనబడ్డాకే వాడి గురించి రాయండి.

నాలుగు, నేరం ఎక్కడ పుట్టిందో వెతకండి. డబ్బో భూమో పరువో, ఏదో ఒకటి ఉంటుంది. నెమలి ఈకల్లో మాత్రం ఉండదు.

నా నవల ఏమైందంటారా? పాత నోట్‌బుక్కులు పొయ్యిలో పెట్టలేదు, అటకమీద ఉన్నాయి. కొత్తగా మొదలుపెట్టాను. ఇప్పుడు శవం లేదు. దండారి రాత్రి ఊరంతా ఆటలో ఉండగా ఒక ముసలమ్మ ఇంటి పెట్టెలోంచి భూమి పట్టా మాయమవుతుంది. దాన్ని కనిపెట్టేది పట్నం డిటెక్టివ్ కాదు, ఆ ముసలమ్మే. గుస్సాడీ ఇందులో సాక్షి.

మొదటి నాలుగు ప్రకరణాలు మా ఆడబిడ్డకు పంపాను. రెండు రోజులు ఫోన్ రాలేదు. మూడోరోజు చేసింది.

"మంచిగున్నది వదినె. గని ఒక్క తప్పుంది. పండుగ నడుమ గుస్సాడీ వాగుల స్నానం చేసి వచ్చినట్టు రాసినవ్."

చూశారా, విన్నాను, రాసుకున్నాను, అయినా మర్చిపోయాను! మళ్లీ ఒకసారి వెళ్లాలి.

మీరు వెళ్లాలనుకుంటే దీపావళి ముందు వారం మంచిది. కరీంనగర్, మంచిర్యాల వైపునుంచి వచ్చేవాళ్లకు ఉట్నూరు మీదుగా దారి. ఆసిఫాబాద్ నుంచైతే కెరమెరి ఘాట్ మీదుగా రావచ్చు. ఆ దారిలో వస్తే జోడేఘాట్‌లో భీం స్మారకం, మ్యూజియం కూడా చూడొచ్చు. రాత్రిపూట చలిగా ఉంటుంది, శాలువా పెట్టుకోండి. ఫోటో తీసేముందు అడగండి. తిరిగి వచ్చేటప్పుడు ఉట్నూరులో ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూలు తెచ్చుకోండి. ఎండబెట్టిన ఇప్పపువ్వు, పల్లీలు, నువ్వులు, బెల్లంతో చేస్తారు. మా పిల్లలు డబ్బా రెండు రోజుల్లో ఖాళీ చేశారు. ఆ దొంగల్ని పట్టుకోవడానికి మాత్రం నాకు ఏ డిటెక్టివూ అవసరం లేకపోయింది!